రౌతుకొద్దీ గుర్రం

మన కృష్ణా డెల్టాలో గుర్రం కంటే గుర్రపుడెక్కే ఎక్కువ. ఏ కాలవ గట్టున నిలబడి చూసినా నీళ్ళు కనబడకుండా పచ్చగా పరుచుకుని, పైన ఊదారంగు పూలు పూసి, చూడ్డానికి ముచ్చటగానూ ఉంటుంది, రైతుకి గుండెల్లో గుబులుగానూ ఉంటుంది. ఆకు గుర్రం గిట్టలా ఉందని ఎవరో ఆ పేరు పెట్టారు. పెట్టినవాళ్ళెవరో గానీ, గుర్రాన్ని బాగా దగ్గరగా చూసినవాళ్ళే అయివుండాలి. మనం గుర్రాన్ని చూసేది పెళ్ళి ఊరేగింపులోనో, సినిమాలోనో, కాకపోతే పిల్లవాడి కొయ్యబొమ్మలోనో!

మన అమ్మలకీ అమ్మమ్మలకీ ఇంత కరువు లేదు. ఆ రోజుల్లో బెజవాడలో రైలు దిగి బయటికొస్తే జట్కాబళ్ళుండేవి. గుర్రం మెడలో గంటలు, కళ్ళకి అటూ ఇటూ గంతలు, వెనక గడ్డి పరిచి దానిమీద వేసిన గోనెపట్టా. తరవాత రిక్షా వచ్చింది, ఆటో వచ్చింది, జట్కా సాయిబు కథల్లోకి వెళ్ళిపోయాడు.

గుర్రం పోయినా మాట మిగిలింది. కోడలి చేతికి ఇంటి పగ్గాలు అప్పజెప్పేశానంటుంది అత్తగారు. నోటికి కాస్త కళ్ళెం వేసుకోమని పిల్లల్ని మనమే కోప్పడతాం. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని పనిచెయ్యని మిక్సీని బాగుచేయించేటప్పుడు నిట్టూరుస్తాం. అన్నిటిలోకీ నాకు నచ్చినమాట 'రౌతుకొద్దీ గుర్రం'. రౌతంటే స్వారీ చేసేవాడు. గుర్రం మొండికేసినా, బెదిరినా, పడేసినా ముందు ఎక్కినవాణ్ణి చూడమంటుంది ఆ సామెత. నోరులేని జీవం పక్షాన నిలబడే సామెతలు మనకి ఎన్నో లేవు. ఇది ఒకటి.

సామెత సరే, మరి అసలు సంగతేమిటి? ఎన్నడూ మనిషి బరువు ఎరగని పడుచుగుర్రం వీపుమీద మొదటిసారి జీను వేశారనుకోండి. ఆ మొదటి రోజుల్లో దానినుంచి ఏం ఆశించాలి? ఎంత ఆశించకూడదు? మనకెందుకండీ ఈ గొడవ, మనమేమన్నా స్వారీ చేస్తామా అనకండి. మన తెలుగు రాజులు కొన్ని వందల ఏళ్ళు ఈ గుర్రాలకోసం బొక్కసాలు ఖాళీ చేసుకున్నారు. ఈ ప్రశ్నకి జవాబు తెలిసినచోట గుర్రం బతికింది. తెలియనిచోట బంగారంపోసి కొన్న గుర్రం ఏడాది తిరక్కుండా పోయింది.

పాతకాలంలో రాజుల్ని మూడు తెగలుగా చెప్పేవారు. ఏనుగుల బలమున్న ఓఢ్ర ప్రభువులు గజపతులు, పదాతిబలమున్న విజయనగరంవారు నరపతులు, గుర్రాల బలమున్న తురుష్క ప్రభువులు అశ్వపతులు. బిరుదులోనే తెలుస్తోంది గదా, గుర్రం మనది కాదని. గుర్రం పొడినేలల జీవి. ఆరుబయలు, పొట్టిగడ్డి, చల్లగాలి దాని పుట్టిల్లు. మన డెల్టాలో ఏముంది? మోకాలి లోతు వరిమడి, నల్లరేగడి బురద, ఉక్కపోత. తడిలో నానితే గుర్రం గిట్ట మెత్తబడి చెడిపోతుంది. అందుకే మన రైతు గుర్రం జోలికి పోకుండా ఒంగోలు గిత్తని నమ్ముకున్నాడు. రాజుకి ఆ వెసులుబాటు లేదు. ఎదుటివాడు గుర్రమ్మీద వస్తుంటే ఎడ్లబండిమీద ఎదురెళ్ళలేడు గదా! పుట్టనిచోట గుర్రం కావాలంటే ఒకటే దారి, సముద్రం.

ఇప్పుడు బాపట్ల జిల్లాలో చినగంజాం దగ్గర మోటుపల్లి అని ఓ చిన్న పల్లెటూరు. కాకతీయుల కాలంలో అది పెద్ద రేవు. అక్కడి వీరభద్రాలయంలో ఓ స్తంభంమీద గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయశాసనం ఉంది. సముద్రం మీద వ్యాపారం చేసేవాళ్ళకి రాజు ఇచ్చిన హామీ అది. అంతకుముందటి రాజులు తుఫానులో పగిలి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా, అంటే బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, బలవంతంగా లాగేసుకునేవాళ్ళు. ఇకమీదట అలా జరగదు, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాది ఎవరిది వారికే అని అభయమిచ్చాడాయన. ప్రాణాలకి తెగించి సముద్రం దాటి వచ్చినవాళ్ళమీద దయతో, కీర్తికోసం, పుణ్యంకోసం ఇస్తున్నానని కూడా చెప్పుకున్నాడు. దయ నిజమే అయివుండొచ్చు. అయితే ఓ గృహిణిగా నాకు ఇంకోటి కూడా తోస్తుంది. పాలవాడితో తగువు పెట్టుకుంటే పిల్లలకి పాలుండవని మనకెంత తెలుసో, ఓడలవాళ్ళని ఏడిపిస్తే మళ్ళీ రారని ఆయనకీ అంత తెలుసు.

ఆ గణపతిదేవుడి దగ్గర గజసాహిణిగా, అంటే ఏనుగుల దళానికి అధిపతిగా ఉన్న జాయపసేనాని మన దివిసీమవాడే. నాట్యం మీద 'నృత్తరత్నావళి' రాసిన పండితుడు కూడాను. గుర్రాలు చూసేవాడినీ సాహిణి అనే అనేవారు. అంత పెద్ద పదవి అది. గుర్రాల లెక్క ఎంతదాకా వెళ్ళిందంటే, 1310లో మాలిక్ కాఫూర్ ఓరుగల్లుమీదికి వచ్చినప్పుడు ప్రతాపరుద్రుడు నూరేనుగులూ ఏడువేల గుర్రాలూ ఇచ్చి సంధి చేసుకున్నాడని బరనీ అనే చరిత్రకారుడు రాశాడు. అంటే సొంత తలకాయ దక్కించుకోడానికి బంగారంతోపాటు గుర్రాలూ లెక్కపెట్టి ఇచ్చుకోవాల్సి వచ్చిందన్నమాట!

ఇన్ని గుర్రాలు తెప్పించారు సరే, వచ్చిన గుర్రాలు ఏమయ్యాయి? వెనిస్ నుంచి వచ్చిన మార్కోపోలో 1290 ప్రాంతంలో దక్షిణదేశం చూశాడు. మోటుపల్లి గురించి రాస్తూ ఇక్కడి వజ్రాల్నీ, సాలెపురుగు గూడంత సన్నని బట్టల్నీ, రాజ్యమేలుతున్న రాణిగారినీ మెచ్చుకున్నాడు. గుర్రాల కథ మాత్రం మనకి దక్షిణాన ఉన్న తమిళదేశం గురించి చెబుతూ రాశాడు. అక్కడి రాజు ఏటా రెండువేలకు పైగా గుర్రాలు కొంటాడట. హోర్ముజ్ నుంచీ, ఏడెన్ నుంచీ ఓడలమీద వస్తాయట. సంవత్సరం తిరిగేసరికి నూరు కూడా మిగలవట! వాటి పోషణ తెలిసినవాళ్ళు లేరు. మాంసం, అన్నం కలిపి వండి పెడతారు. గుర్రాల వైద్యుల్ని వర్తకులు తమతో తీసుకురారు సరిగదా, రానివ్వరు కూడాను. గుర్రం చస్తేనే గదా మళ్ళీ బేరం!

మార్కోపోలో నాలుగు మాటలు ఎక్కువ కలిపి చెప్పే మనిషే అనుకుందాం. అయినా సంగతి అర్థమవుతూనే ఉంది. కొనడం తెలుసు, సాకడం తెలియదు.

విజయనగరం రోజుల్లో మరీ విచిత్రం. పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు, సాళువ నరసింహరాయలు గుర్రాలకోసం ఎంత ఆత్రపడేవాడంటే, బతికివున్నా చచ్చిపోయినా వెయ్యి వరహాలకి మూడు చొప్పున కొనేసేవాడట. దారిలో సముద్రమ్మీద చచ్చిన గుర్రానికి తోక కోసి తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నదానితో సమానంగా డబ్బిచ్చేవాడట. తోక చూసి డబ్బిచ్చిన రాజుగారిని చూసి నవ్వుకోకండి. ఓడవాళ్ళు నష్టానికి భయపడి గుర్రాలు తేవడం మానేస్తే ఆయన గతేమిటి? శ్రీకృష్ణదేవరాయలు కూడా 'ఆముక్తమాల్యద'లో రాజనీతి చెబుతూ, గుర్రాలూ ఏనుగులూ తెచ్చే దూరదేశపు వర్తకుల్ని ఊళ్ళూ మేడలూ ఇచ్చి, ఆదరించి, మంచి వెలకి కొని, ఆ సరుకు శత్రువు చేతికి పోకుండా చూసుకోమన్నాడు. ఆయన స్వయంగా మంచి రౌతు. తెల్లవారుజామున లేచి నువ్వులనూనె తాగి, కసరత్తు చేసి, కుస్తీ పట్టి, ఆపైన గుర్రమెక్కి తెల్లారేదాకా మైదానంలో దౌడు తీసేవాడని పేయస్ అనే ఇంకో పోర్చుగీసాయన రాశాడు. ఆ రాయలే 1515లో కొండవీడు గెలిచి, ఆ వెనకనే మన బెజవాడ పక్కనున్న కొండపల్లి కోటనీ ముట్టడించి పట్టుకున్నాడు. ఈసారి కొండపల్లి బొమ్మలు కొనడానికి వెళ్ళినప్పుడు ఆ కొండకేసి ఓసారి చూడండి. సముద్రాలు దాటొచ్చిన గుర్రాలు ఆ దారుల్లో గసపోసుకుంటూ ఎక్కివుంటాయి.

ఎదిగిన గుర్రాన్ని కొనొచ్చు. కానీ ఏ గుర్రమైనా ఓనాడు పిల్లే గదా! పిల్లగుర్రాన్ని సాకి, జీనుకి అలవాటు చేసే విద్య మన దేశంలో బొత్తిగా లేకపోలేదు. ఆ విద్య ఎంత గొప్పదో మన ఇతిహాసాలకి తెలుసు. విరాటుడి కొలువులో నకులుడు దామగ్రంథి పేరుతో గుర్రాలశాలలో పనికి చేరింది ఆ విద్యతోనే. తన చేతికింద పెంకిగుర్రం కూడా సాధువైపోతుందని చెప్పుకుని మరీ చేరాడు. నలమహారాజు బాహుకుడై ఋతుపర్ణుడి రథం తోలేటప్పుడు ఏం చేశాడు? శాలలో బలిసిన గుర్రాల్ని వదిలి చిక్కిన గుర్రాల్ని ఏరుకున్నాడు. ఇవేం లాగుతాయని రాజు విసుక్కున్నాడు. రథమెక్కగానే అవి మోకాళ్ళమీద కూలబడ్డాయి కూడా. బాహుకుడు కొరడా తియ్యలేదు. దగ్గరికెళ్ళి నిమిరాడు, బుజ్జగించాడు. ఆ తరవాత అవి గాలిలా పోయాయి. మనం దమయంతి స్వయంవరం హడావిడిలో పడి ఈ ముక్క వదిలేస్తాం. కథలో అసలు విద్యంతా ఆ నిమరడంలోనే ఉంది. తెలుగులోనూ ఈ విద్యకి పుస్తకం లేకపోలేదు. విజయనగర కాలంలో మనుమంచిభట్టు 'హయలక్షణ విలాసము' అని గుర్రాలమీద ఏకంగా పద్యకావ్యమే రాశాడు.

కథలు సరే, లెక్కలు కావాలంటే కౌటిల్యుణ్ణి అడగాలి. ఆయన 'అర్థశాస్త్రం'లో అశ్వాధ్యక్షుడికి ఓ అధ్యాయమే కేటాయించాడు. అది చదువుతుంటే గుర్రాలశాల కాదు, మన పురిటిగది గుర్తొస్తుంది. ఈనిన గుర్రానికి మూడు రాత్రులు నెయ్యి తాగించాలి. తరవాత పది రాత్రులు పిండీ, మందు కలిపిన నూనే. పిల్లకి పదిరోజులు దాటాక కాస్త పిండిలో నెయ్యి కలిపి పెట్టాలి, ఆరు నెలలదాకా పాలు. ఆపైన మూడేళ్ళదాకా నెలనెలా కొంచెం కొంచెం పెంచుతూ యవలు. ఇంత చేశాక, నాలుగైదేళ్ళకి గానీ అది పూర్తిగా ఎదిగి పనికి తగినది కాదన్నాడు. గమనించారా? పన్నుల దగ్గర నయాపైసా వదలని కౌటిల్యుడు, రాజుకి గుర్రాలు ఎంత అవసరమో తెలిసిన కౌటిల్యుడు, గుర్రానికి మాత్రం నాలుగైదేళ్ళు గడువిచ్చాడు. జాలి అని కాదు, లాభనష్టాలు తెలిసి!

ఈనాటి పశువైద్యులూ దాదాపు అదే చెబుతారు. గుర్రం చూపుకి మూడేళ్ళకే నిండుగా కనబడుతుంది. కాని లోపల ఎముకలన్నీ ఒక్కసారి గట్టిపడవు. కాళ్ళలో కిందవి ముందు, పైవి తరవాత. అన్నిటికంటే చివర్న గట్టిపడేది వెన్నెముక, అయిదారేళ్ళకి గానీ కాదు. మనం సరిగ్గా దానిమీదే గదా కూర్చునేది! పళ్ళ సంగతీ అంతే. రెండున్నరేళ్ళ నుంచి అయిదేళ్ళదాకా పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తూంటాయి. సరిగ్గా ఆ వయసులోనే నోట్లో ఇనపకళ్ళెం పెడతాం. అది తల విదిలిస్తే పొగరంటాం. పన్నొచ్చే పసిపిల్ల చిరాకు తెలిసిన తల్లి ఎవరూ ఆ మాట అనరు.

ఇక ఈ విషయాన్ని అన్నిటికంటే చక్కగా చెప్పిన కథ ఒకటుంది. దానికి మన కృష్ణాతీరం కొత్తకాదు. అమరావతి స్తూపం శిల్పాల్లో సిద్ధార్థుడు ఇల్లు విడిచిపోయే ఘట్టంలో గుర్రం కనిపిస్తుంది. దాని పేరు కంథకం. ఊరు నిద్రలేవకుండా దేవతలు దాని గిట్టల్ని అరచేతుల్లో పట్టుకున్నారని కథ. జగ్గయ్యపేట స్తూపం మీద చక్రవర్తి శిల్పంలో ఆయన సప్తరత్నాల్లో ఒకటిగా గుర్రమూ నిలబడి ఉంది. ఆ స్తూపాల నీడన బతికిన భిక్షువుల మతంలోదే నేను చెప్పబోయే కథ. పాళీ గ్రంథాల్లో భద్దాలి సుత్తమని ఉంది.

భద్దాలి ఒక భిక్షువు. రోజుకి ఒక్కపూటే భోజనం అని బుద్ధుడు నియమం పెడితే, నావల్ల కాదని అందరిముందూ చెప్పేశాడు. అలిగి, ఆ వర్షాకాలం మూడునెలలూ బుద్ధుడి కంటపడకుండా తప్పించుకు తిరిగాడు. చివరికి తోటివాళ్ళు నచ్చచెబితే వచ్చి తప్పు ఒప్పుకున్నాడు. అప్పుడు బుద్ధుడు అతనికి వ్రతాల గురించి గాదు, గుర్రప్పిల్ల గురించి చెప్పాడు. నేర్పరి అయిన శిక్షకుడికి మంచిజాతి గుర్రప్పిల్ల దొరికితే మొదట కళ్ళేనికి అలవాటు చేస్తాడు. అది పెనుగులాడుతుంది, మెలికలు తిరుగుతుంది. ఎందుకని? ఎన్నడూ చెయ్యని పని చేస్తోంది గనక. మళ్ళీ మళ్ళీ, కొంచెం కొంచెంగా చేయించగా చేయించగా ఆ పనిలో కుదుటపడుతుంది. అప్పుడు కాడికి అలవాటు చేస్తాడు. మళ్ళీ అదే పెనుగులాట, మళ్ళీ అదే కారణం, మళ్ళీ అదే ఓపిక. ఆ తరవాత అడుగు కలపడం, గుండ్రంగా తిరగడం, దౌడు, వేగం, ఇలా మొత్తం పది గుణాలు నేర్పుతాడు. పదోది ఏమిటో తెలుసా? సౌమ్యత. వేగం ముందొచ్చింది, మెత్తదనం చివరొచ్చింది. అన్నీ అయ్యాక ఒళ్ళు తోమి ముద్దుచేస్తాడు. అప్పుడది రాజుకి తగిన గుర్రమవుతుంది.

ఎన్నడూ చెయ్యని పని గనక! ఇంత చిన్నమాటలో అంతా ఇమిడిపోయింది. పెనుగులాట తప్పు కాదు, కొత్తదనం.

ఈనాడు కూడా గుర్రాలకి శిక్షణ ఇచ్చేవాళ్ళు చెప్పేది వింటే ఆ సుత్తానికి వ్యాఖ్యానంలా ఉంటుంది. ముందసలు వీపెక్కరు. పక్కన నడిపిస్తారు. పొడుగుతాడు కట్టి చుట్టూ తిప్పుతారు. మాట వినడం, ఆగమంటే ఆగడం నేలమీదనుంచే నేర్పుతారు. ఆ తరవాత వీపుమీద ఒట్టి గుడ్డ, ఆపైన జీను, రికాబులు పక్కల తగిలే చప్పుడు, అన్నీ ఒక్కటొక్కటిగా. మనకి ఇదంతా చాదస్తంగా కనిపిస్తుంది. కాని ఆలోచించండి, గడ్డి తిని బతికే జీవానికి వీపుమీదికి దూకేది ఎవరు? పులో సింహమో! తరతరాలుగా దాని రక్తంలో ఉన్న భయం అది. ఆ వీపే మనం అప్పు అడుగుతున్నాం.

ఎక్కిన మొదటి నెలల్లో ఆశించాల్సినవి మూడే. నడవమంటే నడవాలి, ఆగమంటే ఆగాలి, తిరగమంటే తిరగాలి. అది కూడా పావుగంటో ఇరవై నిమిషాలో. తిన్నగా నడుస్తుందని ఆశించకూడదు. నెత్తిన బిందె, చంకలో మరో బిందె పెట్టుకుని చెరువునుంచి మొదటిసారి వచ్చే ఆడపిల్లని ఊహించుకోండి. అటు ఒరిగి, ఇటు తూలి, సగం నీళ్ళు ఒలకబోసుకుని ఇల్లు చేరుతుంది. గుర్రం అవస్థా అదే. నిన్నటిదాకా తన ఒళ్ళు తనది. ఇవాళ వీపుమీద ఒక కదిలే బరువుంది. దానితో సర్దుకుని కాళ్ళు ఎక్కడ వెయ్యాలో మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలి.

అందులోనూ పెరిగే వయసు. ఓ నెల వెనకభాగం ఎత్తు పెరుగుతుంది, ఇంకో నెల ముందుభాగం. పద్నాలుగేళ్ళ మగపిల్లాడు ఇంట్లో నడుస్తుంటే గ్లాసులు పడిపోతాయి చూడండి, అలాగన్నమాట. నిన్న చక్కగా చేసిన పని ఇవాళ చెయ్యదు. నిన్న ఎడమ పక్కనుంచి చూసి ఊరుకున్న బకెట్టునే ఇవాళ కుడి పక్కనుంచి చూసి బెదురుతుంది. నేర్చింది మరిచిపోయిందని గాభరాపడక్కర్లేదట. రెండురోజులు విశ్రాంతి ఇచ్చి, వచ్చిన పనే మళ్ళీ చేయిస్తే దారికొస్తుంది. కొన్ని వారాలు పనిచేయించి, కొన్నాళ్ళు పచ్చికబయల్లో వదిలేసేవాళ్ళూ ఉన్నారు. తిరిగొచ్చేసరికి పాఠం తలకెక్కి ఉంటుందట!

బెదిరినప్పుడు కొట్టకూడదని క్రీస్తుకి పూర్వం నాలుగో శతాబ్దంలోనే గ్రీసుదేశపు క్సెనొఫోన్ గట్టిగా చెప్పాడు. ఆయన వట్టి పండితుడు కాదు, యుద్ధాల్లో సైన్యాన్ని నడిపినవాడు. గుర్రం ఒక బండరాయిని చూసి భయపడిందనుకోండి. అప్పుడు కొడితే రాయిని చూస్తే నెప్పి పుడుతుందని నేర్చుకుంటుంది. రెండు భయాలు కలుస్తాయి. నెమ్మదిగా దగ్గరికి తీసుకెళ్ళి, మనమే ముందు ముట్టుకుని చూపించమన్నాడు. పిల్లగుర్రాన్ని జనంలోంచి, చప్పుళ్ళలోంచి నడిపించి అలవాటు చెయ్యమన్నాడు. దాని ఆకలీ దప్పికా మనిషి చేతిమీదుగా తీరితే మనిషిని ప్రేమిస్తుందన్నాడు. కొడుకుని పనినేర్చుకోడానికి ఒక గురువుకి అప్పగించినట్టే, ఏం నేర్పాలో ముందే మాట్లాడుకుని శిక్షకుడికి అప్పగించమన్నాడు. పచ్చిగుర్రానికి పచ్చిరౌతు పనికిరాడని అన్ని దేశాలవాళ్ళకీ తెలుసు. ఒకరికి రానప్పుడు రెండోవాళ్ళకన్నా రావాలి గదా! హైదరాబాదులో జాతీయ పోలీసు అకాడమీకి వచ్చే కొత్త ఐ.పి.ఎస్. అధికారులు, ఆడపిల్లలతో సహా, గుర్రపుస్వారీ నేర్చుకుంటారు. కొత్తగా ఎక్కేవాళ్ళకి నేర్పేది నిజానికి అనుభవమున్న గుర్రమే.

అందరూ ఇంత ఓపిక పడతారా అంటే పడరు. పందేల గుర్రాలు చూడండి, రెండేళ్ళకే పరుగు మొదలుపెట్టిస్తారు. అక్కడ డబ్బు తొందర. ఇలా అంటే వాళ్ళు ఊరుకోరనుకోండి, చిన్నప్పుడు కాస్త పరిగెత్తితేనే ఎముక గట్టిపడుతుందంటారు. అందులో నిజముంది. పరిశోధకులూ పిల్లగుర్రాన్ని కొట్టంలో కట్టేసి ఉంచకూడదనే అంటారు. కాని ఆడుకుంటూ పరిగెత్తడం వేరు, బరువు మోస్తూ పరిగెత్తడం వేరు. మొదటిది ఎముకని పెంచుతుంది, రెండోది మితిమీరితే విరుస్తుంది.

ఇక్కడే మనకి ఇంకో సామెత అడ్డొస్తుంది. మొక్కై వంగనిది మానై వంగునా అని. నిజమే, వంగదు. కాని వంచేవాళ్ళు ఒక సంగతి మరిచిపోతున్నారు. లేతమొక్క వంగుతుంది, మరీ వంచితే పుటుక్కున విరుగుతుంది కూడా. కౌటిల్యుడి గుర్రానికి నాలుగైదేళ్ళు గడువున్నట్టే, పసివాళ్ళకీ ఏదో గడువు ఉండితీరాలి. మన విజయవాడ చుట్టుపక్కల పదిహేనేళ్ళ పిల్లలు తెల్లవారుజామున లేచి, రాత్రి పొద్దుపోయేదాకా పుస్తకాలముందు కూర్చునే హాస్టళ్ళు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. మొదటి నెల పరీక్షలో మార్కులు తగ్గాయని ఫోనులో కేకలేసే తండ్రులూ తెలుసు. ఆ హాస్టళ్ళనుంచి అప్పుడప్పుడు పేపర్లో వచ్చే వార్తలు చదివితే ఆపూట అన్నం సయించదు. ఆ పిల్ల ఇల్లు వదిలి ఎన్నడూ ఉండలేదు. అంతమందితో పోటీపడలేదు. ఎన్నడూ చెయ్యని పని చేస్తోంది. సామెత ప్రకారం చూస్తే అక్కడ లెక్క తేలాల్సింది ఆ పిల్లతో కాదు, పైనెక్కి కూర్చున్న మన ఆశతో.

కొత్త కోడలి సంగతి మాత్రం? పుట్టింటినుంచి వచ్చి పదిరోజులు కాలేదు, చారులో ఉప్పు ఎక్కువైందని, మాట్లాడ్డం లేదని, మాట్లాడితే ఎక్కువ మాట్లాడిందని. నోట్లో కొత్త కళ్ళెం, వీపుమీద కొత్త బరువు. సర్దుకోడానికి ఒక ఏడాదన్నా ఇస్తామా? గుర్రాన్ని కొన్న రాజుకైనా తన డబ్బు పోతుందన్న భయముండేది!

తమిళదేశపు రాజు గుర్రాలు ఏడాదిలో చచ్చిపోయాయంటే అవి చెడ్డగుర్రాలు కావు. మేలుజాతివే, అరేబియా నుంచి ఏరి తెచ్చినవే. వెల కట్టడం వచ్చినవాళ్ళ చేతిలో పడ్డాయి, సాకడం వచ్చినవాళ్ళ చేతిలో పడలేదు, అంతే. మన ఇళ్ళల్లోనూ మేలుజాతి పిల్లలకేం కొదవ లేదు.

గుర్రాలకి నేర్పేవాళ్ళు ఇంకో కిటుకు చెబుతారు. పడుచుగుర్రం ఆరోజు ఒక్కపని సరిగ్గా చేసిందనుకోండి, ఇంకోసారి చేయించి చూద్దాం అనుకోకూడదట. వెంటనే దిగిపోవాలట. మెడ నిమిరి, జీను వదులుచేసి, కొట్టానికి తీసుకుపోవాలట. నువ్వు చేసింది బాగుంది అని గుర్రానికి అర్థమయ్యేది అప్పుడేనట. ఎక్కడం నేర్చుకున్న రౌతులు చాలామందే ఉంటారు. ఇవాళ్టికి చాల్లే అని తనంతట తను దిగే రౌతు దొరికిన గుర్రమే అదృష్టవంతురాలు.